సరోజమ్మకు ఇచ్చిన మెమో

పంతొమ్మిదేళ్లుగా చొక్కాలకు కాలర్లు కుట్టిన మనిషికి కంపెనీ తనంతట తాను ఇచ్చిన మొదటి కాగితం మెమో! అందులో ఏముందయ్యా అంటే, మంగళవారం పదకొండున్నరకు అనుమతి లేకుండా మిషన్ వదిలి గేటు బయటికి వెళ్లినందుకు సరోజమ్మ క్షమాపణ రాసివ్వాలి. ఇకముందు పనివేళలో ఎట్టి పరిస్థితిలోనూ బయటికి పోనని మాటివ్వాలి. శనివారం నాలుగింటిలోగా ఇవ్వకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. ఎందుకు వెళ్లిందో మాత్రం ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. రాసి ఉంటే ఇచ్చినవాడికే సిగ్గేసేది.

వాళ్లు రాయలేదు కాబట్టి మనమే చెప్పుకుందాం.

బెంగళూరు బొమ్మనహళ్లిలో ఆ గార్మెంట్సు ఫ్యాక్టరీ వెనక ఉన్న వీధులు ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే ఒకటి వెనక్కి పోవలసిందే. ఫోను చెయ్యగానే అంబులెన్సు బయల్దేరుతుంది, పాపం దాని తప్పేమీ లేదు. హోసూరు రోడ్డు ట్రాఫిక్కులో ఈదుకుంటూ రావద్దూ? రెండేళ్ల కిందట ఒకాయన దానికోసం ఎదురుచూస్తూ ఇంటి గుమ్మంలోనే పోయాడు. చుట్టూ యాభైమంది ఉన్నారు, ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియదు. ఆ మర్నాటి నుంచి మార్త సిస్టరు ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. తన ముందుగదిలో చాప పరిచి, దిండ్లు పెట్టి ఏడుగురికి నేర్పింది. ఆగిన గుండెను ఎలా ఒత్తాలి, కారే నెత్తురును ఎలా ఆపాలి, మూర్ఛ వచ్చినవాణ్ణి ఎలా పక్కకు తిప్పాలి, అన్నీ. జీతం లేదు, బత్తెం లేదు, బోర్డు లేదు. ఎవరు దగ్గరుంటే వాళ్లు పరుగెత్తాలి, అంతే. ఆ ఏడుగురిలో సరోజమ్మ ఒకతె.

ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టించుకుంటారు. అందుకని వీధివాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఇనపగేటు మీద రాయితో మూడు దెబ్బలు. కిటికీ పక్కన ఇస్త్రీ చేసే మునినారాయణప్ప విని కేకేస్తాడు. మిషన్ల హోరులో మామూలు గొంతు వినపడదు గానీ, ఆయన గొంతు మాత్రం అవతల సిల్కుబోర్డు జంక్షన్ దాకా వినిపిస్తుంది.

ఆ మంగళవారం మూడు దెబ్బలు పడ్డాయి.

"సరోజా, లెయ్యి! నంజప్ప పడిపోయినాడంట!"

నంజప్ప అంటే గేటు ఎదురుగా టీ అమ్మే మనిషి. సరోజమ్మ వెళ్లేసరికి నేల మీద వెల్లకిలా ఉన్నాడు. ముఖం బూడిదరంగులోకి తిరిగింది, ఊపిరి లేదు. ఆమె మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ ఛాతీ మీద వేసి మొదలుపెట్టింది. పంతొమ్మిది నిమిషాలు. ఎండ నెత్తిన పేలుతోంది, భుజాలు పట్టేశాయి, మోకాలిచిప్పలు దోక్కుపోయాయి. "చెయ్యి పెట్టినాక ఇంకొకరి చెయ్యి వచ్చేదాకా తియ్యకూడదు" అని మార్త సిస్టరు పెట్టిన రూలు ఒక్కటే గుర్తుంది ఆమెకు. అంబులెన్సువాళ్లు వచ్చి ఆమెను పక్కకు తప్పించేదాకా ఒత్తుతూనే ఉంది. మనిషి బతికాడు. ఇప్పుడు ఆస్పత్రిలో గంజిలో ఉప్పు చాలలేదని నర్సులతో పోట్లాడుతున్నాడట.

సరే, లోపల ఏం జరిగింది? ఆ హాల్లో ఉన్నది ఒక్క నాలుగో లైనే, మొత్తం నలభై ఇద్దరు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి చొక్కా నడుస్తూ పోవాలి. కాలరు ఆగిందంటే ఆ వెనకవాళ్లంతా చేతులు ముడుచుకోవలసిందే. సరోజమ్మ లేచిన మరుక్షణం పక్క మిషన్ మీద కఫ్‌లు కుట్టే ఫాతిమా వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. ఫాతిమా పనిని ఇటొకరు అటొకరు పంచుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పన్నెండింటికి బోర్డు మీద టార్గెట్ ఎనభై, కుట్టినవి ఎనభై ఒకటి! ఒకటి ఎక్కువే.

కానీ మధ్యలో ఫాతిమా చేతిలో సూది విరిగింది.

ఆ హాల్లో సూది విరగడమంటే చిన్న సంగతి కాదు. విరిగిన ముక్క ఏ పసిబిడ్డ చొక్కాలోనో ఉండిపోతుందని భయం. ముక్కలన్నీ ఏరి, రిజిస్టరులో టేపుతో అతికించి, పేరూ టైమూ రాస్తేనే కొత్త సూది చేతికిస్తారు. ఫాతిమా బల్ల కిందంతా వెతికి ముక్కలు ఏరింది, అతికించింది. మిషన్ సరోజమ్మది కాబట్టి సరోజమ్మ పేరు రాసింది. గోడ గడియారం వంక చూసి, పదకొండూ నలభై నాలుగు అని టైము కూడా నిజాయితీగా వేసింది! అబద్ధం చేతకానివాళ్లు అబద్ధమాడితే ఇలాగే ఏడుస్తుంది.

బుధవారం ప్రొడక్షన్ మేనేజరు దీపక్ సరోజమ్మను కేబిన్‌లోకి పిలిచాడు. గుంటూరు నుంచి వచ్చి మూడేళ్లయింది. మరీ చెడ్డవాడేం కాదు, పైవాళ్లు అతని నెత్తిన కూర్చుంటే అతను వీళ్ల నెత్తిన కూర్చుంటాడు. ఒకవైపు రిజిస్టరు పెట్టాడు, ఇంకోవైపు గేటు కెమెరా బొమ్మ పెట్టాడు. బొమ్మలో పదకొండూ నలభై నాలుగుకి సరోజమ్మ నంజప్ప ఛాతీ మీద వంగి ఉంది.

"సరోజమ్మగారూ, మీరు ఒకేసారి రెండుచోట్ల ఉండలేరు కదా? మీ మిషన్ మీద ఎవరు కూర్చున్నారు? ఒకరి మిషన్ ఇంకొకరు ముట్టుకోవడం, దొంగ సంతకం, రెండూ సీరియస్ ఇష్యూస్. పేరు చెప్పండి చాలు, మీ మెమో ఇక్కడే చించేస్తా."

సరోజమ్మకు ఒళ్లు మండిపోయింది. "చెప్పకపోతే?"

"చెప్పకపోతే మెమో ఉంటుంది. శనివారం నాలుగు."

"ఉండనీ సార్. అది నాతోనే ఉండనీ."

ఆ సాయంత్రం గేటు బయట ఫాతిమా ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనే అని చెప్పేస్తానక్కా. నువ్వు నంజప్ప మింద చెయ్యి పెట్టినావు, నేను నీ మిషన్ మింద పెట్టినాను. దాంట్లో తప్పేముండాది?"

"తప్పు లేదు గదా, మరి ఏంటికి ఒప్పుకునేది? నోరు మూసుకోని ఉండు. చేరి ఎనిమిది నెలలు గూడా కాలేదు, మెమో గూడా లేకుండా తోసేస్తారు నిన్ను," అని కసిరింది సరోజమ్మ. పైకి కసిరిందే గానీ రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. నలభై ఏడేళ్ల మనిషిని, కళ్లద్దాలు లేనిదే సూదిలో దారం ఎక్కనిదాన్ని, ఇప్పుడు ఏ ఫ్యాక్టరీ తీసుకుంటుంది? భయపడింది. భయం లేదని చెబితే అది కథ అవుతుంది గానీ నిజం కాదు. ఇక బయటికి పోనని రాసిచ్చేస్తే పోలా అని ఒక్కసారి కాదు, పదిసార్లు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ అరచేతుల కింద నంజప్ప ఎముకల గూడు తగిలింది.

శనివారం మూడున్నరకు ఉత్తరం రాసి తెచ్చింది. ఇక్కడే ఒక తమాషా జరిగింది. సరోజమ్మ ఇంట్లో మూడు తరాలుగా మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చింది మాత్రం కన్నడ. బెంగళూరు పాత తెలుగువాళ్లు చాలామంది అంతే. ఉత్తరం కన్నడలో ఉంది. దీపక్‌కు కన్నడ బస్సు బోర్డుల వరకే. పైగా క్షమాపణ అంటే నలుగురి ముందు వినిపిస్తేనే మిగతావాళ్లకు బుద్ధి వస్తుందని అతని లెక్క. మిషన్లు ఆపించి, ఆ కాగితాన్ని మునినారాయణప్ప చేతికిచ్చి, గట్టిగా తెలుగులో చదవమన్నాడు. ఎవరి చేతికిచ్చాడో చూశారా?

మునినారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

"మంగళవారం మిషన్ వదిలి పోయినాను, నిజం. నంజప్ప గుండె నిలిచిపోయింటే పంతొమ్మిది నిమిషాలు ఒత్తినాను, నిజం. ఆ మనిషి ఈ పొద్దు బతికి ఉండాడు, అదీ నిజం. దీంట్లో తప్పు యాడుండాదో నాకు కనపడలేదు, కాబట్టి క్షమాపణ అడిగేది లేదు. ఇంకొకరు పడిపోతే మళ్లీ పోతాను. పడిపోయింది మీరే అయినా పోతాను. ఇట్లు, సరోజమ్మ, నాలుగో లైను, కాలరు."

చివరి వాక్యం అడక్కపోయినా రెండోసారి చదివాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

దీపక్ ముఖం కందగడ్డ అయింది. గారూ లేదు, గీరూ లేదు. "పొగరు! సరే, మీ అందరి సంగతీ తేలుస్తా. ఆరోజు ఈమె మిషన్ మీద ఎవరు కూర్చున్నారో చెప్పేదాకా ఈ లైనుకు కరెంటు లేదు. పోయిన టైమంతా ఆదివారం వచ్చి కుట్టాలి. కింద లారీ వెయిటింగ్‌లో ఉంది, గుర్తుంచుకోండి!" అని గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగేసి కేబిన్‌లోకి వెళ్లిపోయాడు.

ఫ్యాన్లు ఆగాయి. లైట్లు పోయాయి. కిటికీల్లోంచి వచ్చే వెలుతురులో నలభై ఇద్దరు ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ పేరెత్తలేదు. ఫాతిమా లేవబోతే పక్కవాళ్లే ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలయ్యాక చివరి మిషన్ దగ్గరున్న లావణ్య సన్నగా అంది, "అక్కా, రేపు మా పాప పుట్టినదినం."

తన మొండితనానికి ఎవరో పసిపిల్ల పుట్టినరోజు పోవాలా? సరోజమ్మ లేచి నిలబడింది. కేబిన్‌లోకి పోయి, అయ్యా, ఏం రాయాలో చెప్పు, రాసిస్తాను అనేద్దామని రెండడుగులు వేసింది కూడా.

"యాడికక్కా పోతా ఉండావు?" లావణ్య అడ్డం వచ్చింది. "నేను పొమ్మని అనలేదు. పుట్టినదినం అంటే ఇంటినిండా జనం వస్తారు, మా మామ వస్తాడు. ఆయనకు రెండుసార్లు గుండెపోటు వచ్చింది. మంగళవారం నుంచి నిన్ను అడగాలనే ఉండాను. నువ్వు నంజప్పకు చేసింది నాకు నేర్పియ్యి. మిషన్ తిరిగేటప్పుడు అడిగేదానికి అయితాదా? ఇప్పుడు అందరమూ పని లేక సుమ్మనే కూసోని ఉండాము గదా."

సరోజమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. మెమో వచ్చినరోజు రాని కన్నీళ్లు ఇప్పుడు వచ్చాయి. కొంగుతో తుడిచి పారేసింది.

"ఫాతిమా! ఆ వేస్టు గుడ్డల మూటలన్నీ ఇట్ల ఈడ్చుకోని రా!"

ఇంకేముంది! నేల మీద వరసగా మూటలు పడ్డాయి. మూటకొకరు మోకాళ్లూని కూర్చున్నారు, మూట దొరకనివాళ్లు వెనక నిలబడ్డారు. "చేతులు వంచగూడదే! మోచెయ్యి తిన్నగా పెట్టు. రెండంగుళాలు దిగాల. ఏం, అన్నం తినలేదా? మొగుణ్ణి తలుచుకోని ఒత్తు, అప్పుడు దిగతాది!" హాలంతా ఘొల్లుమంది. "ముప్పైదాకా ఎంచాల. మధ్యలో మాత్రం ఆపగూడదు, దేవుడొచ్చి పిలిచినా ఆపగూడదు." ఒకరు ఒకటీ రెండూ అంటున్నారు, ఒకరు ఒందూ ఎరడూ, ఫాతిమా పక్కనున్న వాళ్లు ఏక్ దో. భాష ఏదైనా ముప్పై ముప్పైయే. ఇస్త్రీబల్ల దగ్గర మునినారాయణప్ప కూడా ఒక దిండు సంపాదించుకున్నాడు.

అరగంటకు కింద లారీ డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి తియ్యడం మానేశాడు. పేరు చెప్పడానికి ఎవరో ఒకరు వస్తారని కేబిన్‌లో కూర్చున్న దీపక్‌కు ఓపిక నశించింది. తలుపు తోసుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం జరుగుతోందిక్కడ?"

ఎవరూ ఒత్తడం ఆపలేదు.

"సూది విరిచిందెవరో చెబుతారా, లేదా?"

సరోజమ్మ నేల మీది నుంచి లేవలేదు. "అది తెగే మాట కాదు సార్, వదిలేయండి. మొన్నటిదాకా ఈ హాల్లో ఇది నా ఒక్కదానికే వచ్చు, ఒక్క మెమోతో సరిపోయింది. ఇప్పుడు నలభై ఇద్దరికి వచ్చు. రేపు బయట ఎవురన్నా పడిపోతే ఎవురు లేసి పోతారో నాకే తెలీదు. అందరికీ ఇప్పుడే రాసిపెట్టుకోండి మెమోలు. మేము ఖాళీగానే ఉండాము."

"మీరూ వచ్చి కూసోండి సార్," అన్నాడు మునినారాయణప్ప తన గొంతులో. "మీకూ నలభై దాటినాయి గదా."

కింద హారను ఇంకా మోగుతూనే ఉంది. దీపక్ చేతిలో ఉన్న మెమో కాపీ వంక చూశాడు, వరసగా వంగి ఉన్న వీపుల వంక చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నలిపి, చెత్తబుట్టలో పడేశాడు. గోడ దగ్గరికి నడిచి మెయిన్ పైకి నెట్టాడు. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు కదిలాయి.

"సరే, అయిపోయింది. లేవండి ఇక, మిషన్ల మీదికి వెళ్లండి."

"ఉండండి సార్, ఇరవై రెండే అయింది," అంది లావణ్య, చేతులు తియ్యకుండా. "ముప్పై కావాల."