సున్నా కేసుల ఊరు

మా కొత్త ఎస్సై రవిబాబు గారికి రంగులంటే మోజు. వచ్చిన వారానికే స్టేషన్ గోడకి మండలం మ్యాపు తగిలించి, ఐదేళ్ల కేసులన్నిటికీ నా చేత స్టిక్కర్లు వేయించాడు. వచ్చే ఏడు రిటైరయ్యే హెడ్ కానిస్టేబుల్‌ని, బళ్లో పిల్లాడిలా స్టిక్కర్లు అంటించమంటే ఒళ్లు మండదూ? అయినా అంటించాను. సంత వీధి నిండా జేబుదొంగతనాలు, నీలం. టూరిస్టుల లాడ్జీల దగ్గర తాగి కొట్టుకున్నవి, పసుపు. చెక్‌పోస్టు దగ్గర గంజాయి, ఆకుపచ్చ. కొండ మీది జామపుట్టులో మాత్రం ఒక్కటీ పడలేదు.

"ఐదేళ్లలో ఒక్క కేసూ లేదా!" అని ఎస్సై మురిసిపోయి, ఆ ఊరికి 'నేరరహిత గ్రామం' అని బోర్డు రాయించాడు. సోమవారం పై అధికారి వచ్చి ఆవిష్కరించాలి.

శనివారం మధ్యాహ్నం ఆ ఊరి నుంచే గంగ అనే ఆవిడ వచ్చింది. పద్నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చిందట. ఎడమ చెయ్యి మోచేతి దాకా వాచిపోయి ఉంది. దాన్ని పాత తువ్వాలుతో మెడకి కట్టుకుంది. మొగుడు సుక్రు గొడ్డలి కామతో కొట్టాడనీ, కేసు రాయమనీ అంది.

నిజం చెప్పొద్దూ, నాకు ముందు గుర్తొచ్చింది ఆ బోర్డే.

"ఊళ్లో పెద్దలకి చెప్పుకోలేదా అమ్మా?"

"సెప్పినాను బాబూ. మూడుసార్లు తగువు తీర్సినారు. తీర్సినప్పుడల్లా ఆడికి మేక జరిమానా ఏసి, కోయించి ఊరంతా తిన్నారు. మూడుసార్లూ వొండింది నానే. పోయినేడు మీరూ వొచ్చినారు కదా, కూర బాగుందన్నారు."

వెళ్లాను. బీటు డ్యూటీ మీద వెళ్లి, తగువు తీరిందంటే ఏ తగువని కూడా అడక్కుండా రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కాగితం తీశాను.

ఎస్సై లోపల్నించి వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. "సోమవారం ప్రోగ్రాం ఉంది కదా దేవీప్రసాద్ గారూ, మంగళవారం రాస్తే?"

"మంగళవారం దాకా ఈవిడ ఎక్కడుండాలి సార్? ఆ ఇంట్లోనేగా?"

 అతను జీపు డ్రైవర్ని పిలిచి, ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. చెడ్డవాడు కాదు, ఉద్యోగానికి కొత్త. కేసు కట్టాం, సుక్రుని తీసుకొచ్చాం, ప్రోగ్రాం రద్దయింది. జామపుట్టు మీద ఎర్ర స్టిక్కరు నేనే వేశాను.

నెల తిరిగేసరికి ఆ ఊరి నుంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్లు దిగి వచ్చారు. ఉన్నట్టుండి ఆ ఊరికి ఏమొచ్చిపడిందండీ అని ఎస్సై కంగారుగా నన్నే అడిగాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు అంతకుముందే ఒకసారి వచ్చారు. ఊళ్లో చూసుకోండమ్మా అని, ఈ బల్ల దగ్గర్నించే వాళ్లని వెనక్కి పంపాను.