తాత కాలివేలికి ఎర్రగాజు

యశ్వంతూ, ఆ టీవీ గొంతు తగ్గించి ఇలా రా. ఇంకా దగ్గరికి జరుగు. నీ మోకాలు నాకు తగిలితేనే నాకు చెప్పాలనిపిస్తుంది. మీ అక్క పల్లవి నా ఒడి దిగి ఎదురింటి జగలి ఎక్కిన కథ ఇది.

అప్పటికి నువ్వు పుట్టలేదు. మనం కబ్బన్‌పేట వఠారంలో ఉండేవాళ్ళం. నడుమ ఒక కొళాయి, చుట్టూ ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ కూర్చోవడానికి ఓ జగలి. పల్లవి రెండో క్లాసు. బడి నుంచి వస్తూనే సంచీ విసిరేసి నా ఒళ్ళో పడేది. నేను కథ చెప్పాలి, అది నా కొంగు చివర నములుతూ వినాలి. దీపాలు పెట్టేదాకా ఆ పిల్ల నాదే.

అలాంటిది, ఎదురింట్లోకి వరూధిని బాడుగకు వచ్చింది. బీఏ చదివింది. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. ఆ సొట్ట కూడా నాకు నచ్చలేదు. సాయంత్రం పిల్లలందరినీ తన జగలి మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేది. పలక మీద “సొన్నప్ప పాలు పోశాడు” అని రాసి పైకి చదివేది. సొన్నప్ప మా పాలవాడు. తర్వాత తన చేతి గాజులు తీసి పిల్లలకిచ్చేది. పని చేసింది ఎవరో ఆ మాట చుట్టూ ఎర్రగాజు, చేసిన పని ఏదో ఆ మాట చుట్టూ పచ్చగాజు పెట్టాలి. ముందు తెలుగులో, ఆపైన ఇంగ్లీషులో. సబ్జెక్టు, వర్బు అని పిల్లల కేకలు మా వంటింటి దాకా వినిపించేవి. అందులో పల్లవి గొంతే పెద్దది.

మన ఇళ్ళలో ముత్తైదువ చేయి బోసిగా ఉండకూడదు. గాజులవాడు వచ్చినా పాతది ఒకటి ఉంచే కొత్తవి ఎక్కిస్తాడు. నేను ఊరుకోలేకపోయాను.

“ఏమమ్మా వరూధినీ, చేతికి వాచీ, పలకకు గాజులా?”

“పిల్లలకి గుర్తుంటుందని, పెద్దమ్మా. మీరూ వచ్చి కూర్చోండి.”

కూర్చోవాలట! నా మనవరాలి పక్కన నాకు చోటు చూపిస్తోంది!

మరునాడు సరిగ్గా ఆ వేళకే బియ్యప్పిండితో కరకరలాడే నిప్పట్లు వేయించి పళ్ళెం మా జగలి మీద పెట్టుకున్నాను. రాక్షసుడి కథ వఠారమంతా వినబడేలా ఎత్తుకున్నాను. పిల్లలు వచ్చారు. నిప్పట్లు జేబుల్లో కుక్కుకున్నారు. వెళ్ళిపోయారు. పల్లవి మాత్రం ఆగింది.

“అజ్జీ, మిస్‌కి ఒకటియ్యి. వేడిగా ఉండేది చూసియ్యి.”

పక్కింటి హనుమక్క బట్టలు పిండుతూ, “రత్నక్కా, నీ మనవరాలు ఆయమ్మ కన్న కూతురి మాదిరే అయిపోయిందే!” అంది. నూనెలో నిప్పట్టు వేగినట్టు వేగిపోయాను.

కొన్నాళ్ళకు వరూధిని పురిటికి బళ్ళారి వెళ్ళింది. నేను ఆంజనేయుడికి టెంకాయ కొట్టాను. ఆమె సుఖంగా ప్రసవించాలని కొట్టానని కొందరు అనుకున్నారు. అనుకోనీ. కానీ పల్లవి నా దగ్గరికి రాలేదు. పలక పట్టుకుని ఆ ఖాళీ జగలి మీదే కూర్చుంది.

“రా తల్లీ, కథ చెప్తాను.”

“కథ వద్దు. గాజులాట ఆడు.”

“ఆడదాం. దానికేముంది?”

“నీకు చదవను రాదు కదా అజ్జీ.”

నాకు కోపం రాలేదు, భయమేసింది. ఈ పిల్ల ఇక నా ఒళ్ళోకి రాదేమో.

కొళాయి దగ్గరికి వెళ్ళి చేతికి సబ్బు నురగ పట్టించి ఒక ఎర్రగాజు, ఒక పచ్చగాజు లాగాను. మిగతావి ఉన్నాయిలే అని మనసుకు చెప్పుకున్నాను. పల్లవిని చేయి పట్టి ఇంట్లోకి లాక్కొచ్చాను. మీ తాత వెంకటేశప్ప రాత్రంతా మగ్గాల షెడ్డులో పనిచేసి పగలు నిద్రపోయేవాడు. నాకు అక్షరం తెలియకపోయినా ఆ మనిషి తెలుసు. ఎర్రగాజు ఆయన కాలి బొటనవేలికి తగిలించాను.

“ఎవరే ఇది?”

“తాత!”

“ఏం చేస్తాండాడు?”

“గురక పెడ్తాండాడు!”

“మరి పచ్చగాజు యాడ పెట్టేది?”

అది కాసేపు ఆలోచించి, మెల్లగా వంగి, తాత ముక్కు మీద పెట్టింది. గురకకు గాజు పైకీ కిందికీ ఊగింది. తాత ఉలిక్కిపడి లేచాడు.

“ఏందే ఇది! మొగోనికి గాజులు తొడుగుతాండారా?”

పల్లవి నవ్వీ నవ్వీ నా ఒళ్ళో పడింది. దీపాలు పెట్టేదాకా లేవలేదు. ఆ నెలంతా అన్నం కుండకూ, పిల్లికీ, హనుమక్క చీపురుకూ గాజులు తొడిగాం. ఆ పిల్ల మళ్ళీ నాదైంది.

కొన్ని నెలలకు చంటిదాన్ని ఎత్తుకుని వరూధిని ఆటోలో వచ్చింది. ఆటో ఇంకా ఆగనే లేదు, పల్లవి నా ఒళ్ళోంచి దూకి, “మిస్! మిస్! కొత్త గాజులాట ఉండాది!” అని పరుగు తీసింది. వారం తిరగకుండా ఆ జగలి మీద పిల్లలు ఒకరి కాలివేళ్ళకు ఒకరు గాజులు తొడుగుతున్నారు. వఠారమంతా దాన్ని ‘వరూధిని మిస్ ఆట’ అనే పిలిచేది. “కాదమ్మా, ఇది రత్నమ్మగారిది” అని వరూధిని అందరికీ చెప్పేది. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా మండేది. ఇప్పటికీ మీ అక్కను అడిగి చూడు, మిస్ నేర్పిందనే అంటుంది.

నీకూ ఇప్పుడు బడిలో ఆ పాఠమే వచ్చిందిగా. నీ స్నేహితులకు ఆట నేర్పు, దానితోపాటు ఇదంతా చెప్పు. పలక మీది గాజులు వరూధినివే, ఆ మాట దాచకు. కానీ తాత కాలివేలికి గాజు తగిలించింది మా అజ్జి అని ముందుగా చెప్పు నాయనా. మరిచిపోకు. పల్లవి వినేలా అయితే ఇంకాస్త గట్టిగా చెప్పు.