పైకి చూపిన వేలు

మూడో సాంచా మీద పోగు తెగింది. చప్పుడును బట్టి కాదు, చప్పుడులో వచ్చిన చిన్న లోటును బట్టి దశరథం దాన్ని పసిగట్టాడు. సాంచా ఆపి, వంగి, తెగిన కొసలు రెండింటినీ వేళ్ల మధ్య కలిపి ముడివేసి, మళ్లీ నడిపించాడు. ఈలోగా ఐదోదానిలో నూలు చుట్టిన కండె అయిపోవచ్చింది. సిరిసిల్లలోని ఆ రేకుల షెడ్డులో అతను నడిపేవి ఎనిమిది మరమగ్గాలు. ఊళ్లో వాటిని సాంచాలంటారు. వాటి నడుమ సందులో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నడిచే నడకే ఇరవై రెండేళ్లుగా అతని బతుకు. కనుబొమల మీద నూలు నూగు, మోచేతుల దాకా నూనె మరకలు, ఎడమ భుజంకన్నా కాస్త కిందికి జారిన కుడి భుజం.

పది గంటలకు చాయ్ వచ్చింది. అతను గోడవైపు తిరిగి, జేబులోంచి తెల్లని బిళ్ల తీసి చాయ్‌తో మింగాడు. మూడేళ్లుగా మింగుతున్నాడు. గోడవైపు తిరగడం మాత్రం రెండు నెలల నుంచే.

మూడేళ్ల కిందట ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన వేసవిలో అతనూ ఆగిపోయాడు. సాంచాలు తిరిగి నడిచాయి, అతను నడవలేదు. నాలుగు నెలలు గోడకు ముఖం పెట్టి పడుకున్నాడు. భార్య సత్తమ్మ అతన్ని లేవదీసి ఒక రోజు కరీంనగర్ ఆసుపత్రికి, ఒక రోజు పక్కింటి కోమల వెళ్లే ప్రార్థన మందిరానికి తీసుకుపోయింది. ఆసుపత్రిలో మనసు జబ్బని బిళ్లలిచ్చారు. మందిరంలో ముప్పై మంది, ముక్కూమొహం తెలియనివాళ్లు, అతని పేరు పెట్టి దేవుణ్ణి వేడుకున్నారు. తన పేరును ఎవరైనా అంత ఆర్తితో పలకగా అతను అంతకుముందు వినలేదు. ఒక ఆదివారం డోలక్ చప్పుడుకు అతని చేయి తనంతట తానే మోకాలి మీద తాళం వేసింది. ఆ తరువాత సాంచాల మధ్య గొంతెత్తి కీర్తనలు పాడేవాడు. ఆ హోరులో అవి ఎవరికీ వినిపించవు. అతనికి కూడా చెవుల్లో కాదు, ఎముకల్లో వినిపించేవి. ఆ సంతోషం అబద్ధం కాదు. బిళ్ల ఎంత లేపింది, ప్రార్థన ఎంత లేపింది అని విడదీసి తూచగల త్రాసు ఎవరి దగ్గరా లేదు. రెండూ ఉన్నాయన్నది మాత్రం నిజం. అందులో సగాన్ని దశరథం దాచాడు.

రెండు నెలల కిందట మందిరంలో పాస్టరు సాక్ష్యం చెప్పమన్నాడు. దశరథం లేచి తన చీకటి రోజుల గురించి, యేసు తనను లేపిన తీరు గురించి చెప్పాడు. తరువాతి మాట బిళ్లల గురించి. అది నాలుక మీదికి వచ్చేసరికి అందరూ హల్లెలూయ అన్నారు. కోమల కళ్లు తుడుచుకుంటోంది. అంతమంది ఆనందం మీద ఆసుపత్రి చీటీ పరచడానికి అతనికి మనసు రాలేదు. కూర్చున్నాడు.

వెనక చాప మీద సుధాకర్ ఉన్నాడు. అదే షెడ్డులో అవతలి వరుస సాంచాలు నడిపేవాడు. అదే జబ్బుకు అవే బిళ్లలు వాడుతున్నవాడు. మాట వినపడని షెడ్డులో పనివాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. మర్నాడు సుధాకర్ బిళ్ల నోట్లో వేసుకున్నట్టు చూపించి, అరచేయి తిప్పి అడిగాడు: నువ్వు వేసుకోవా? దశరథం తల అడ్డంగా ఊపి, చూపుడువేలు పైకి చూపించాడు. సుధాకర్ నవ్వాడు. చాలా రోజుల తరువాత నవ్వినవాడి నవ్వు అది. దాన్ని వెనక్కి లాక్కోవడం దశరథం వల్ల కాలేదు.

నాలుగు రోజులుగా సుధాకర్ పనికి రావడం లేదు. అతని సాంచాలు ఆగి ఉన్నాయి. హోరులో ఆ మేరకు ఒక గుంట.

మధ్యాహ్నం సత్తమ్మ బువ్వ తెచ్చింది. గిన్నె ముందు పెట్టి, బిళ్లల సంగతి సుధాకర్‌కు చెప్పావా అని అడిగింది. ఇవాళ చెప్తానన్నాడు.

“వారం సంది గదే మాట. దేవునితోని గంటలు గంటలు మాట్లాడుతవ్. మనిషి ముంగటికొస్తే నీ నోరు పెగలదు.”

అతను సగం తిని లేచాడు. ఐదింటికి, షిఫ్టు నడుమ, ఎనిమిది సాంచాలనూ ఒక్కొక్కటిగా ఆపాడు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని అది. షెడ్డు ఆసామి గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తి, పాస్టరు సాబుకు పైనుంచి పిలుపొచ్చిందా అని ఎగతాళి చేశాడు. దశరథం అప్పటికే షెడ్డు దాటాడు.

సుధాకర్ ఇంటి గుమ్మంలో అతని భార్య పద్మలత ఎదురైంది. ముఖం విప్పారింది.

“రా అన్నా, కూసో. నిన్నే తలుసుకుంటున్న. గాయన బిళ్లలు బంద్ జేసి రెండు నెల్లాయె. నువ్విచ్చిన ధైర్నమే. జర మాట తగ్గింది గని, మంచిగనే ఉన్నడు. భీవండిల సాంచాల పని దొరికిందని గిప్పుడే బస్సెక్కనీకి పోయిండు. ఎవరి దగ్గర పని అంటే చెప్పలే.”

దశరథం కూర్చోలేదు. ద్వారబంధానికి చేయి ఆనించి నిలబడ్డాడు.

“చెల్లె, నేను అబద్ధమాడిన. ఇయ్యాల పొద్దుగాల గూడ బిళ్ల ఏసుకున్న. దేవుడు లేపింది నిజమే. బిళ్లలు మింగుకుంటనే లేచిన. గది దాసిన.”

పద్మలత అతన్నే చూస్తూ ఫోను తీసి భర్తకు కలిపింది. స్విచ్ ఆఫ్. మళ్లీ కలిపింది. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, కోపం లేని గొంతుతో అడిగింది:

“గా ముచ్చట ఆ దినమే ఎందుకు చెప్పలేదన్నా?”

వేలు పైకి చూపడం తేలిక గనక, అనుకున్నాడు దశరథం.

“ఎనక బస్సుకు పోత. భీవండిల మనోళ్లుండే గల్లీలు నాకెరుకే,” అన్నాడు.

ఆమె తల ఊపింది. ఆమె చూపు మంచం మీది మూట మీద నిలిచింది. అతనూ అటు చూశాడు. ప్రయాణానికని కట్టిచ్చిన సద్ది అది. తొందరలో మరిచిపోయాడని ఆమె మెల్లగా అంది. ఆ జబ్బులో అన్నిటికన్నా ముందు చచ్చేది ఆకలేనని, ఇది మరుపు కాదని దశరథానికి తెలుసు.

గళ్ల తువ్వాలలో నాలుగు జొన్నరొట్టెలు, ఆమె వేసిన ముడి వేసినట్టే, ఇంకా కాస్త వెచ్చగా.