తెల్ల పళ్ళెంలో మచ్చు

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది సౌదీలో రాజేశం చేతిలో ఉన్నవి మూడు: డ్రైవర్ అని రాసిన ఇకామా నివాసపు కార్డు, వీసాకు పూచీ ఇచ్చిన యజమాని కఫీలు ఇంటి వెనక ఒక గది, ఆ గదిలో ఒక పాము.

పాము బోవా జాతిది, అమెరికా కొండచిలువ. అల్ ఖోబర్ మీదికి స్కడ్ క్షిపణులు వస్తున్న రోజుల్లో ఒక అమెరికా ఇంజనీరు దాన్ని కఫీలు అబ్దుల్ ఘనీకి అంటగట్టి విమానం ఎక్కేశాడు. అబ్దుల్ ఘనీ దాన్ని చుట్టాలకు చూపించి మురిసిపోయేవాడే గాని వేలితో ముట్టేవాడు కాదు. ముట్టే పని డ్రైవరుది. గదిలో ఏసీ ఉన్నా, పాముకు వెచ్చదనం కావాలని వేయనిచ్చేవాడు కాదు. చెమటలో నానుతూ పడుకున్న రాజేశానికి, ఈ ఇంట్లో తన స్థానం పాము తర్వాతేనని ఎవరూ విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

ఇంజనీరు పోతూ పోతూ ఒక సంగతి చెప్పాడట, దీని ఆరోగ్యం దీని పెంటలో చూడమని. గోధుమరంగులో గట్టిగా ఉండి, పక్కన సుద్దముక్కలాంటి తెల్లటి ఉండ పడితే క్షేమం. ఆ తెలుపు పచ్చబడితే నీళ్ళు చాలడం లేదు. జారుడుగా కంపు కొడితే జబ్బు. అప్పటినుంచి పాము పెంట వేసినప్పుడల్లా రాజేశం దాన్ని తెల్ల పళ్ళెంలో పెట్టుకుని అతిథులు కూర్చునే మజ్లిస్ గుమ్మం దగ్గర నిలబడాలి. అబ్దుల్ ఘనీ తలగుడ్డ కొసతో ముక్కు మూసుకుని, వజ్రాల వ్యాపారిలా వంగి పరీక్షించేవాడు. మెట్‌పల్లి మార్కెట్లో పసుపు మచ్చు చూసి బస్తా గుణం చెప్పిన రాజేశానికి ఆ వంగడం చూస్తే అసహ్యంతో కూడిన నవ్వు వచ్చేది.

అతనికి కావలసింది ఒక్కటే, రిలీజ్ కాగితం. అది చేతికొస్తే వేరే కఫీలు కిందికి మారి అజీజియాలో కిరాణా కొట్టు పెట్టుకోవచ్చు. అడిగితే, ఎండాకాలం పాము క్షేమంగా దాటనీ, చూద్దామన్నాడు ఆ పెద్దమనిషి.

అంతలో నాగుల పంచమి వచ్చింది. తోటలో ఖర్జూరపు చెట్లకు నీళ్ళు పట్టే లింబాద్రి, రాజేశం బజారుకు వెళ్ళింది చూసి గదిలోకి దూరి, నీళ్ళగిన్నె ఖాళీ చేసి నిండా పాలు పోశాడు. వేరే ఏమీ లేక పాము అదే తాగింది. రాజేశం తిరిగొచ్చి నిలదీస్తే లింబాద్రి అన్నాడు:

“ఊళ్ళె పుట్టల పోస్తం గదనే. ఈడ పుట్ట లేదు, సామే ఎదురుంగ ఉన్నడు. పొయ్యకుంటె పాపం గాదా అన్నా?”

“వాడు నాగసామి కాదురా, అమెరికోడు. వానికి పంచమి తెల్వది, పాలు అరగయి.”

అరగలేదు. తర్వాత వేసిన పెంట నీళ్ళలా జారి గదంతా కంపు కొట్టింది. రాజేశం దాన్ని కడిగేసి, తోట మూలన పారేసిన పాత గట్టి ముక్కను వెతికి, నీళ్ళు చిలకరించి, తెల్ల ఉండ పైకి కనబడేలా పళ్ళెంలో సర్దాడు. మంచి సరుకు పైన పేర్చడం అతనికి కొత్త కాదు.

అబ్దుల్ ఘనీ వంగి చూసి మాషా అల్లా అన్నాడు. “నీ చెయ్యి మంచిది రాజేశ్. నిన్ను పంపిస్తే దీన్ని ఎవరు చూస్తారు?” అన్నాడు ఉర్దూలో.

పళ్ళెం కడగడానికి తోటలోకి వచ్చాక రాజేశానికి వెలిగింది. ఇన్నాళ్ళూ మంచి పెంట చూపించి తన బేరం తానే చెడగొట్టుకున్నాడు.

మరోసారి పాము జారుడుగానే వేసింది. ఈసారి ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళాడు. అబ్దుల్ ఘనీ రెండడుగులు వెనక్కి వేశాడు. తన చెయ్యి దీనికి పడటం లేదని, లింబాద్రి దీనికి రోజూ దండం పెడతాడని, అలాంటి భక్తి తనకు లేదని రాజేశం తల వంచుకుని చెప్పుకున్నాడు. పాల మాట ఎత్తలేదు.

పాము లింబాద్రి చేతికి మారింది. పాలు మానేసి నీళ్ళు మాత్రమే పెట్టమని రాజేశం అతనితో ఒట్టు వేయించుకున్నాడు. కొన్నాళ్ళకు పళ్ళెంలో గట్టి ముక్క, పక్కన సుద్దలాంటి తెలుపు కనబడ్డాయి. పనికిరాని డ్రైవరు ఇంట్లో ఎందుకని అబ్దుల్ ఘనీ రిలీజ్ మీద సంతకం గీకేశాడు.

కొట్టు తెరిచాక ఒక శుక్రవారం లింబాద్రి వచ్చాడు. ఇంటికి పోవడానికి సెలవు అడిగితే, పామును ఎవరు చూస్తారంటున్నాడట కఫీలు.

“నాల్గు దినాలు పాలు పోసి ఖరాబు పెంట చూపియ్యి, తోలేస్తడు,” అన్నాడు రాజేశం.

“సామిని బాధ పెట్టమంటవా అన్నా?” అని లింబాద్రి చెవులు మూసుకున్నాడు.

రాజేశం లెక్క తేల్చుకున్నాడు. తనకు కొట్టు దక్కింది. పాముకు ఆరోగ్యం దక్కింది. అబ్దుల్ ఘనీకి వంగి చూడటానికి పళ్ళెం దక్కింది. లింబాద్రికి దేవుడు దక్కాడు, ఇక వదలడు.