నాలుక కరుచుకున్న పిల్ల

రాజేశం ఇంట్లో ఎవరు తప్పు చేసినా ముందు నాలుక బయటికొస్తుంది, మాట తర్వాత. సంగారెడ్డి మార్కెట్లో పప్పుల దుకాణం ఆయనది. కందిపప్పు అడిగినవాళ్ళకు శనగపప్పు జోకినా, పాత గిరాకీ పేరు మరిచిపోయినా పళ్ళ మధ్య నాలుక పెట్టి కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. కూతురు శ్రీవాణికి తండ్రి ముక్కుతో పాటు ఆ అలవాటూ వచ్చింది.

శ్రీవాణి ఫిజియోథెరపీ మొదటి ఏడాది చదువుతోంది. అనాటమీ వైవాలో ఒకసారి తప్పింది. చదవక కాదు. ప్రశ్నలడిగే మేడం ఎదురుగా కూర్చోగానే ఆ పిల్లకు నోరెండిపోతుంది, రాత్రింబగళ్ళు బట్టీ పట్టిందంతా గాలికి పోతుంది. రేపు రెండోసారి. ఇదీ పోతే ఏడాది పోయినట్టే.

మధ్యాహ్నం దుకాణంలోనే బస్తాల పక్కన కూర్చుని నాలుక పాఠం ముందేసుకుంది. గడ్డం ఎముక లోపలి వైపు పుట్టి, విసనకర్రలా విచ్చుకుని నాలుకలోకి పరుచుకునే కండరం జీనియోగ్లోసస్. నాలుకను బయటికి తెచ్చేది అదే. నిద్రలో అది సడలితే నాలుక వెనక్కి జారుతుంది, గాలి దారి ఇరుకవుతుంది. సరిగ్గా అప్పుడే, తిని గద్దె మీద వెల్లకిలా పడుకున్న రాజేశం గురక అందుకున్నాడు. ఇంత మంచి ఉదాహరణ ఏ ప్రొఫెసరు చూపిస్తాడు! శ్రీవాణి లేచి తండ్రిని మెల్లగా పక్కకు దొర్లించింది. గురక ఆగింది, రాజేశం లేచాడు.

"ఏందమ్మా, గిరాకి వచ్చిందా?"

"కాదు బాపు. నీ జీనియోగ్లోసస్ సడలింది."

"అయ్యో! ఏం గోలీ వేసుకోవాలె మరి?"

"పక్కకు తిరిగి పండుకో, సాలు."

మర్నాడు వైవా గదిలో, హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"నాలుకను బయటికి తెచ్చే కండరం ఏది?"

అనుకున్నట్టే శ్రీవాణి నోరెండిపోయింది. "హయోగ్లోసస్" అనేసింది. అన్న మరుక్షణం తప్పని తెలిసింది. ఇంకేముంది, పళ్ళ మధ్యకు నాలుక వచ్చేసింది.

"ఆగు! అట్లనే ఉంచు. నువ్వు చెప్పింది నాలుకను కిందికి గుంజేది. మరి ఇది ముందుకెట్ల వచ్చింది?"

నాలుక బయటపెట్టుకుని జవాబెలా చెబుతుంది పాపం! ఏదో గొణిగింది.

"లోపల పెట్టుకొని చెప్పమ్మా."

"జీనియోగ్లోసస్ మేడం!"

"ఒక పక్క నరం చెడితే?"

"నాలుక బయటపెట్టమంటే ఆ చెడిన పక్కకే వంగుతది. బాగున్న పక్క కండరం అటు నెడ్తది."

"స్పృహ లేని మనిషిని వెల్లకిలా ఎందుకు పండబెట్టొద్దు?"

శ్రీవాణికి తండ్రి కళ్ళముందు మెదిలాడు. భయం ఎటు పోయిందో పోయింది. గద్దె, గురక, దొర్లించడం, గోలీ సంగతి కూడా గడగడా చెప్పేసింది. మేడం నవ్వాపుకోలేక "పాసయినవ్ పో" అని మార్కులు వేసింది. శ్రీవాణికి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మేడం కాగితం వైపు మళ్ళీ చూసి నాలుక కరుచుకుంది. మార్కులు పక్క పిల్ల వరసలో పడ్డాయి. ఆమె కొట్టేసి సరైన చోట రాస్తుంటే శ్రీవాణి ఆ నాలుకనే పరీక్షగా చూసింది.

"సక్కగనే వచ్చింది మేడం. రెండు పక్కల నరాలు మంచిగున్నయి."

తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ పిల్లలు బిక్కచచ్చిపోయారు. శ్రీవాణి మాత్రం ఈసారి నాలుక కరుచుకోలేదు.