తీసుకో అనని మనిషి

అయస్కాంతానికి పాత మేజోడు తొడిగి, మూతి దగ్గర దారంతో ముడి వేశాడు ఆయన. మేజోడు లేకపోతే బండి రంగు మీద గీతలు పడతాయి. గీత పడితే అమ్మేవాడికి గొడవ పెట్టుకోవడానికి సాకు దొరుకుతుంది. తర్వాత చేతిసంచిలో ఒక్కొక్కటే సర్దాడు. అరచేతిలో ఇమిడే సుత్తి, టార్చిలైటు, మొద్దుబారిన చాకు, తెల్లగుడ్డ పీలికలు, సుద్దముక్క. అన్నీ సర్దాక మళ్లీ బయటికి తీసి చూసుకున్నాడు. సంచి రాత్రంతా ఆయన మంచం కిందే ఉంది. అయినా చూసుకున్నాడు.

"ఎవరూ ఎత్తుకుపోలేదు లెండి," అంది భార్య వంటింట్లోంచి. "మనింటికొచ్చిన దొంగ జాలిపడి తన సుత్తి కూడా ఇక్కడే పెట్టిపోతాడు."

ఆయన నవ్వలేదు. ఆమె నీళ్ల గ్లాసు, ఒక మాత్ర తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన మాత్రని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఇదివరకు గులాబిరంగులో ఉండేది."

"కంపెనీ మారిందంట. మందు అదేనని షాపతను చెప్పాడుగా."

"అమ్మేవాడు చెప్పకేం చేస్తాడు?"

ఆమె అటు తిరగ్గానే మాత్రని కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకుని, నీళ్లు మాత్రం తాగాడు. జేబులో అలాంటి పొట్లాలు అప్పటికే రెండున్నాయి. వచ్చే వారం డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటే అప్పుడు మింగుదామని ఆయన ఆలోచన. పొద్దున్నించి ఎడమ భుజం లాగుతోంది. దానికి కారణం కొత్త తలగడ. దూది బదులు ఇంకేదో కూరి అమ్మారని ఆయనకు మొదటిరోజే అనిపించింది.

ముప్పైయేళ్లు మెకానిక్‌గా చేసి, మోకాళ్లు మొరాయించాక ఆయన ఈ పనిలోకి వచ్చాడు. కొండదారుల్లో తిరగడానికి పాత జీపులు కొనుక్కునేవాళ్లు ముందుగా ఆయన్ని తీసుకెళ్తారు. ఆయన చూసి, లోపం ఉన్నచోటల్లా సుద్దతో ఇంటూ గుర్తు పెడతాడు. బ్రోకర్లు ఆయనకు అయస్కాంతం అని పేరు పెట్టారు. వీధి మలుపులో ఆయన కనిపిస్తే, "బాబోయ్, అయస్కాంతం వస్తోంది, పుట్టీ పెట్టిన బళ్లన్నీ లోపల పెట్టండ్రా," అని నవ్వుకునేవారు. ఎన్ని బళ్లు చూసినా ఆయన నోట 'తీసుకో' అన్న మాట మాత్రం ఎవరూ వినలేదు. "నేను చూసింది చెప్పాను. ఆపైన మీ ఇష్టం," అని సంచి భుజాన వేసుకుని వచ్చేసేవాడు.

చెప్పులు వేసుకుంటుంటే భార్య గుమ్మం దాకా వచ్చింది.

"ఇవాళైనా అవునో కాదో ఒకటి చెప్పండి. అది మీ మాట కోసమే ఆగింది."

'దాని నాన్న కూడా ఒకప్పుడు నా మాట కోసమే ఆగాడు,' అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

అది అంటే ఆమె తమ్ముడి కూతురు, ఈయనకు కోడలి వరస. పశువుల డాక్టరు. కొండమీది ఊళ్లన్నీ ఆ పిల్ల కిందికే వస్తాయి. స్కూటరు సగం దారిలోనే మొండికేస్తుంది. పోయిన నెలలో రెండు గంటలు నడిచి వెళ్లేసరికి, ఈనలేక ఆవూ పోయింది, కడుపులో దూడా పోయింది. వానలు మొదలయ్యేలోగా ఆమెకో జీపు కావాలి. ఆమె చూసుకున్న జీపుని సాయంత్రం ఇంకొకరు వచ్చి తీసుకెళ్తారు. మధ్యాహ్నం వరకు ఈమె కోసం ఆపుతానని యజమాని మాటిచ్చాడు.

పది గంటలకు రమ్మన్నారు. ఆయన ఎనిమిదిన్నరకే వెళ్లాడు. అది ఆయన పద్ధతి. చెప్పిన టైముకి వెళ్తే అమ్మేవాడు ముందే ఇంజను వేడిచేసి పెడతాడు. వేడి మీద ముసలి ఇంజను కూడా పడుచుదానిలా పలుకుతుంది. పెళ్లిచూపులకి తనని చూడటానికి వచ్చినప్పుడు కూడా ఈయన గంట ముందే వచ్చాడని, అప్పుడు తను తల కూడా దువ్వుకోలేదని భార్య ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

జీపు పెరట్లో రేకుల కింద ఉంది. ముదురు ఆకుపచ్చ రంగు, నలభైయేళ్ల బండి. ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. వంగి నేల చూశాడు. నూనె చుక్క లేదు. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

ఎందుకు ఊడ్చారు? పైకే అనేశాడు.

"పొద్దున్నే ఊడవడం అలవాటన్నా," అన్నాడు యజమాని వెనకనించి. సర్వే ఆఫీసులో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. "నిదానంగా చూడండి. రెండో గేరు కాస్త గరగరమంటుంది. ఎడమపక్క కాళ్ల దగ్గర రేకు తుప్పుపడితే అతుకు వేయించాను. ముందే చెప్పేస్తే మంచిది కదా."

ఆయనకు నచ్చలేదు. చిన్న తప్పు చేతికిచ్చి పంపేవాడు పెద్దది ఎక్కడో దాస్తాడు.

అయస్కాంతాన్ని తలుపు అంచునుంచి మొదలుపెట్టి బండి చుట్టూ జరిపాడు. పుట్టీతో సొట్టలు పూడ్చిన చోట అది ఇనుముని పట్టక జారిపోవాలి. ఎక్కడా జారలేదు. రెండు చేతులూ కావలసొచ్చినప్పుడు దాన్ని ఎడమ తలుపుకే అంటించి వదిలాడు. కాళ్ల దగ్గరి రబ్బరు పట్టా ఎత్తాడు. చెప్పినచోటే అతుకు ఉంది. సీటు ఎత్తి కింద వాసన చూశాడు, వరదనీళ్లలో మునిగిన బండి ఎన్నేళ్లయినా బూజు వాసన వేస్తుంది. పాత తోలు వాసన తప్ప ఏమీ లేదు. ఇంజను మీది నంబరుని బండి పుస్తకంతో పోల్చాడు. అంకెల చుట్టూ గోటితో గీకాడు, కొత్తగా గుద్దినవైతే అంచులు పదునుగా ఉంటాయి. ఇవి అరిగి ఉన్నాయి. ఆయిలు పుల్ల తీసి తెల్లగుడ్డతో తుడిచాడు. నీళ్లు కలిస్తే వచ్చే పాలనురుగు రంగేమీ లేదు.

ఏమీ దొరక్కపోయేకొద్దీ ఆయన ముఖం ముడుచుకుపోయింది.

పదింటికి కోడలు పిల్ల వచ్చింది.

"అప్పుడే వచ్చేశారా మామయ్యా! ఎలా ఉంది?"

"ముందు ఆ నవ్వాపు. బండి వంక చూసి నవ్వితే ఎవడైనా రేటు తగ్గిస్తాడా?"

"బండి వంక కాదు, మీ వంక చూసి నవ్వాను. జేబురుమాలు తెచ్చుకోలేదా? ఒళ్లంతా చెమటలు."

"రేకుల కింద ఉక్క."

ఇంజను స్టార్టు చేయించాడు. మొదటిసారికే అందుకుంది. పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టాడు, నల్లటి నూనె తుంపర పడలేదు. వెనకున్న తడిమట్టి గట్టు మీదికి ఎక్కించమన్నాడు. నాలుగు చక్రాలకూ పట్టుతెచ్చే చిన్న గేరు వేసి, కోడలే నడిపింది. బండి గునుస్తూ గునుస్తూ ఎక్కింది.

"ఇంత మంచి బండిని ఎందుకమ్ముతున్నారు?" అడిగాడు యజమానిని. వరసగా చూసుకొస్తూ చివరికి అడిగే ప్రశ్న ఇది. ఎక్కువమంది ఇక్కడే తడబడతారు.

"కళ్లన్నా. ఎదురొచ్చే మనిషి కూడా మసకే."

ఆయన సంచిలోంచి సుద్దముక్క తీసి చాచాడు. "ఇది కాస్త పట్టుకోండి."

యజమాని చెయ్యి సుద్దముక్కకి బెత్తెడు పక్కగా వచ్చి, గాలిని పట్టుకుంది.

"మామయ్యా, మరీ ఇంతా?" అంది కోడలు మెల్లగా.

ఆయన గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. సుత్తితో ఛాసీని వెనకనుంచి ముందుకు కొట్టుకుంటూ వచ్చాడు. గట్టి ఇనుము గంటలా మోగుతుంది, తుప్పు తిన్నది వెదురుతట్టలా డొల్లగా పలుకుతుంది. అంతటా గంటే. బండి బరువు మోసే కమాను పట్టీల్లో విరిగినది లేదు. టార్చి ముందుకు తిప్పాడు.

స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే ఇనుప కడ్డీ మీద, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, కొత్త నల్లరంగు.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఇరవై ఆరేళ్ల కిందట బావమరిది జీపు కొన్నాడు. అమ్మినవాడు ఈయనకు పని నేర్పిన మేస్త్రి. ఈయన పైపైన అన్నీ చూశాడు గానీ కిందికి దూరలేదు. మేస్త్రి ఎదురుగా మేస్త్రి బండి కింద దూరితే, నువ్వు దొంగవని ముఖం మీద అన్నట్టే. "కళ్లు మూసుకుని తీసుకో," అని ఈయనే బావమరిదికి చెప్పాడు. నెల తిరక్కుండా దిగుడుదారిలో ఆ కడ్డీ విరిగింది. లోపల పాత అతుకు, పైన కొత్త నల్లరంగు. బావమరిది ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. మేస్త్రికి తెలిసే అమ్మాడో, తెలియకే అమ్మాడో ఈయన అడగలేదు. ఆ వీధికే మళ్లీ వెళ్లలేదు. బావమరిది ఒక్కమాట అనలేదు. భార్యా అనలేదు. ఇంట్లో ఎవరైనా ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు చాలాసార్లు అనిపించింది.

చాకు తీసి రంగు గీకాడు. పొరలు పొరలుగా ముఖం మీద రాలింది. కింద తళతళలాడే ఇనుము. అటు చివర నుంచి ఇటు చివరిదాకా గీకాడు. అతుకు లేదు. గోటితో తడిమాడు. కళ్లు మూసుకుని మళ్లీ తడిమాడు. అతుకు లేదు.

"ఈ రంగేంటి?" అని అరిచాడు కిందనుంచి. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"అయ్యో, అది చెప్పనేలేదు కదూ! పోయిన నెల కడ్డీ మార్పించానన్నా. కొత్త ఇనుము, తుప్పు పట్టకుండా రంగేశాను. పాతది దాచాను, చూస్తారా?"

పాత కడ్డీని కిందికి అందించారు. రెండు చివర్లా కీళ్లు అరిగి ఉన్నాయి. విరగలేదు. విరగకముందే మార్చిన కడ్డీ. ఆయన దాన్ని పొట్టమీద పెట్టుకుని కాసేపు అలాగే పడుకున్నాడు.

"తీసుకో," అన్నాడు.

కోడలు మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. "ఏమన్నారు మామయ్యా?"

"రెండుసార్లు చెప్పించకు. తీసుకో అన్నాను. వెనక టైర్లు రెండూ మార్చు."

టైర్లు మారుస్తానని ఆ పిల్ల తల ఊపింది.

"మీ నాన్నకి చెప్పు," అన్నాడు మళ్లీ. "కిందికి దూరి చూశానని చెప్పు."

"మీరే చెబుదురుగాని రండి. నాన్న ఇంట్లోనే ఉన్నాడు."

"నువ్వెళ్లి కాగితాలు రాయించుకో. నేనింకొక్కసారి చూసొస్తాను."

కోడలూ యజమానీ లోపలికి వెళ్లారు. కాగితాలు రాసుకున్నారు, సంతకాలయ్యాయి. బల్లమీద మూడో గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. యజమాని కిటికీలోంచి పెరట్లోకి కళ్లు చికిలించాడు.

"మీ మామయ్యకి ఇంకా నా మీద అనుమానం తీరినట్టు లేదమ్మా."

"ఆయనకి ఆయన మీదే నమ్మకం ఉండదు. మీరెంత!" అని నవ్వుతూ లేచింది కోడలు.

బండి కిందనుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ఒక కాలి చెప్పు ఊడి పక్కకు దొర్లింది. టార్చి ఇంకా వెలుగుతోంది. వెలుతురు సరిగ్గా కడ్డీ మీదే పడుతోంది. "మామయ్యా," అని పిలిచింది. మళ్లీ పిలిచింది. ఎన్నో పశువుల దవడ కింద నాడి చూసిన చెయ్యి ఆమెది. ఆయన మణికట్టు పట్టుకోగానే తెలిసిపోయింది. అయినా చాలాసేపు వదల్లేదు.

ఇంటికి తెచ్చాక ఆయన చొక్కా జేబులో మూడు పొట్లాలు దొరికాయి. భార్య వాటిని ఒక్కొక్కటే విప్పింది, మూడు తెల్లమాత్రలు. "నన్ను కూడా నమ్మలేదు చూడు," అంది తమ్ముడితో. తమ్ముడు చంకకర్ర గోడకు ఆనించి, అక్క పక్కన నేలమీద కూర్చున్నాడు. కిందికి దూరి చూశానని ఆయన చెప్పమన్న మాట కూతురు చెప్పింది. అతను తల ఊపాడు. "నేనెప్పుడూ అడగలేదే," అన్నాడు. "ఒక్కసారైనా అడిగి, తిట్టి ఉండాల్సింది."

వానలు మొదలయ్యే ముందురోజు జీపు కొండెక్కింది. వెనక టైర్లు కొత్తవి. మొదటి ఊళ్లో ఆగి దిగినప్పుడు గానీ ఆమె చూడలేదు. బూడిదరంగు మేజోడులో అయస్కాంతం, ముడి వేసిన దారం గాలికి ఊగుతూ, అన్ని గతుకుల తర్వాత కూడా ఎడమ తలుపుని గట్టిగా పట్టుకునే ఉంది.