పేర్లు లేని రిజిస్టరు

ఆ కంచె వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ మాట ముందు చెప్పకుండా మిగతాది చెబితే అబద్ధం చెప్పినట్టే.

జూన్ నెల, మా దేశంలో చలికాలం. తెల్లారేసరికి గడ్డి మీద మంచు గట్టిపడే రోజులు. ఆల్‌ఫెల్డ్ దొర ఫారంలో, వాగు పక్కన రాళ్ళ దిబ్బలున్న చోట, నలుగురు కూలీలం ఇనప గుంజలు పాతి ముళ్ళ తీగ లాగుతున్నాం. వేటకొచ్చే విదేశీయుల చిన్న విమానాలు దిగడానికి అక్కడ బాట వేస్తారట.

ఆ దిబ్బలు మా వాళ్ళ సమాధులు. నూరేళ్ళు దాటిన సంగతి. జర్మన్ సైన్యం మా హెరెరో జనాన్ని ఎడారిలోకి తరిమింది. దాహంతో చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళను పట్టుకొచ్చి, మెడలో అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ కట్టి, ఈ వాగు ఒడ్డున ముళ్ళకంప దడి లోపల పెట్టి, రైలు కట్ట వేయించింది. కూలినవాళ్ళను కూలినచోటే రాళ్ళ కింద పెట్టారు. వాళ్ళు పశువులు మేపుకున్న నేల దొరల ఫారమైంది. మేం ఆ ఫారం బయట రేకుల గుడిసెల్లో ఉంటాం. మా కాలనీ పేరు ఒకారుయి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే తీగ లాగాను. ఇంట్లో నలుగురు పిల్లలు.

ఆ పొద్దున ఉచియువ అవ్వ వచ్చింది. కాలనీలో అందరికంటే పెద్దది, ఎనభై దాటింది. ఆమె వెనక పదిమంది ఆడవాళ్ళు, పాదాలు తాకే గౌన్లతో, తలకు ఆవు కొమ్ముల్లా అడ్డంగా చుట్టిన గుడ్డలతో. ఏడాదికోసారి వచ్చి, ఒక్కో దిబ్బ మీద ఒక్కో రాయి ఉంచి, వచ్చింది ఎవరో లోపలివాళ్ళకు చెప్పుకుని పోవడం వాళ్ళ అలవాటు.

మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. "దారి లేదు. వెనక్కి పొండి."

"మా వాళ్ళ దగ్గరికి పోవడానికి నీ దారేందిరా?" అని అవ్వ తీగ కింద నుంచి వంగింది. మేస్త్రీ భుజం పట్టి నెట్టాడు. అవ్వ తీగ మీద పడింది. చేతి మీద చర్మం చీరుకుపోయింది.

ఆల్‌ఫెల్డ్ దొర బండి దిగి వచ్చాడు. ఇక్కడే పుట్టినవాడు, మా భాష మాకంటే శుభ్రంగా మాట్లాడతాడు. కోపం కూడా పడలేదు. "అవ్వా, అవి వాన నీళ్ళు కొట్టుకొచ్చిన రాళ్ళు. కాదంటే కాగితం చూపించు. నా భూమికి నా దగ్గర కాగితం ఉంది. నీ శవాలకు నీ దగ్గర ఉందా?"

అవ్వ నా వైపు చూసింది. నా చేతిలో పట్టకారు ఉంది. నేను తల వంచుకుని తీగ మెలితిప్పాను.

ఆదివారం చర్చి పక్క రేకుల షెడ్డులో జనం కూడారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అందరికీ నేనే కనబడ్డాను.

"కంచె అన్నగారు కూడా దయచేశారే!" అన్నాడు గెర్సోన్. అతను బోరు పంపు నడుపుతాడు. నోరు పదునుది. "కూర్చో అన్నా. మాకూ ఒక వరస తీగ చుట్టి కూర్చో."

నవ్వారు. నేను కూర్చోలేదు.

ఒట్టీలియ లేచింది. హైస్కూల్లో పాఠాలు చెప్తుంది, జర్మన్ చదువుకుంది. "వాడు కాగితం అడిగాడు. చూపిద్దాం. రాజధానిలో పాత దస్తావేజులన్నీ ఒక భవనంలో ఉన్నాయి. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు."

"ఆ కాగితం రాసిందెవరు టీచరమ్మా?" గెర్సోన్ గట్టిగా అడిగాడు. "చంపినోడు. తను చంపానని ఎవడైనా రాసి పెట్టుకుంటాడా?"

"సిగ్గుపడేవాడు రాసుకోడు. వీళ్ళు సిగ్గుపడలేదు. ఎంతమందిని తెచ్చారో, ఎంతమంది పోయారో పైఅధికారికి రోజూ చెప్పాలి కదా. రాసే ఉంటారు."

"దొరికితే?"

"నష్టపరిహారం అడుగుదాం. ఆ వాగు, ఆ దిబ్బలు, చుట్టూ ఉన్న నేల. లాక్కున్న దాంట్లో అంత మాత్రమైనా."

గెర్సోన్ తల అడ్డంగా ఊపాడు. కానీ బస్సు చార్జీల చందాకు టోపీ తిప్పినప్పుడు మొదటి నోటు వేసింది అతనే. మర్నాడు ఆ మీటింగులో నన్ను చూసినట్టు దొరకు ఎవరో చెప్పారు. నన్ను పనిలోంచి తీసేశారు. ఒట్టీలియకు తోడు నేను బస్సెక్కాను. చేయడానికి వేరే పనేం మిగిలింది?

పదకొండు రోజులు పట్టింది. అట్టపెట్టెల్లో గోధుమరంగుకు తిరిగిన కాగితాలు. ఆ కాలపు చేతిరాత ముళ్ళకంపలా ఉంటుంది. ఒట్టీలియ అక్షరం అక్షరం కూడబలుక్కుంది. నేను పెట్టెలు మోశాను. పదకొండో రోజు మధ్యాహ్నం ఆమె వేలు ఒక పేజీ మీద ఆగిపోయింది.

"అస్సేరన్నా," అంది, "ఇదే మన వాగు."

అది శిబిరం రిజిస్టరు. గీతలు గీసి, అడ్డవరసలు కట్టి, ఎంత చక్కగా రాశారో! బిళ్ళ సంఖ్య. ఆడా మగా. సుమారు వయసు. తెచ్చిన తేదీ. చనిపోయిన తేదీ. కారణం. మూడు వందల పన్నెండు మంది. కారణం దగ్గర ఎక్కువగా ఒకే మాట: గుండె బలహీనత. ఆరేళ్ళ పిల్లకు గుండె బలహీనత. ఇరవయ్యేళ్ళ మగవాడికి గుండె బలహీనత. ఒకే రోజు తొమ్మిదిమందికి గుండె బలహీనత.

దాని వెనక ఒక ఉత్తరం కూడా కుట్టి ఉంది. ఆల్‌ఫెల్డ్ దొర ముత్తాత రాసింది. ఫారం పనికి పదిహేడు మందిని పంపండి, వీలైతే ఆడవాళ్ళను, వాళ్ళు తక్కువ తింటారు అని. కింద, మనుషులు అందినట్టు అతని సంతకం.

ఒట్టీలియ ఏడవలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుని, మొత్తం రాసుకోవడం మొదలుపెట్టింది.

కాలనీకి తిరిగొచ్చాక షెడ్డులో ఆమె అది చదివింది. ఉత్తరం దగ్గరికొచ్చేసరికి ఒక ముసలాయన లేచి బయటికి పోయాడు. చదవడం అయ్యాక అవ్వ అడిగింది. "మరి పేర్లు?"

"లేవు అవ్వా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు. సంఖ్యలే."

అన్నలారా, చదువుకునే పిల్లలారా, మా పోరాటంలో మొదటి దెబ్బ దొర కొట్టలేదు. ఒక దరఖాస్తు ఫారం కొట్టింది. నష్టపరిహారం అడగబోతే భూమి క్లెయిముల ఆఫీసు వాళ్ళు ఇంటికో ఫారం ఇచ్చారు. మీ పూర్వీకుడి బిళ్ళ సంఖ్య రాయండి, సంబంధం రుజువు చేయండి అన్నారు. ఇంటికొకటి. అంతే, వారంలో మేం ముక్కలైపోయాం.

"ఎనభై ఎనిమిది మాది!" అని ఒకింటివాళ్ళు.

"మీ ముత్తాత పక్క ఊరి నుంచి వచ్చిన అల్లుడు. మీకు ఇక్కడ చావేంటి?" అని ఇంకొకింటివాళ్ళు.

పంపు దగ్గర అన్నదమ్ముల పెళ్ళాలు జుట్లు పట్టుకున్నారు. గెర్సోన్ బిందెలు జరుపుతూ, "నూరేళ్ళు ఎవరికీ పట్టని శవాలు, ఇవాళ ఒక్కోదానికి ముగ్గురు మనవలు!" అన్నాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నా ముత్తవ్వకు అప్పుడు ముప్పై ఏళ్ళు ఉంటాయని మా నాన్న అనేవాడు. రిజిస్టరులో నలభై ఒకటో సంఖ్య, ఆడ, సుమారు ముప్పై. ఆ సంఖ్య ఫారంలో రాసేశాను. ఆ ముప్పై ఏళ్ళావిడ ఎవరో, ఎవరికి తల్లో నాకేం తెలుసు?

అవ్వ షెడ్డులోకి అందరినీ పిలిపించింది. నిలబడలేక కుర్చీలోంచే మాట్లాడింది.

"మా అమ్మమ్మ ఆ కంపలోంచి బతికొచ్చింది. పక్కన పడుకున్న మనిషి పొద్దున లేవకపోతే, ఆమె ఎవరి బిడ్డా అని చూసేవాళ్ళం కాదంది. ఎవరు ఓపికగా ఉంటే వాళ్ళు ఈడ్చుకెళ్ళి రాళ్ళు పేర్చారంది. వాళ్ళు అట్లా పూడ్చుకున్నారు. మీరేమో పంచుకుంటున్నారు. ఎవరిది ఎనభై ఎనిమిది? చెప్పండి. ఎవరిది?"

ముందు నేనే పోయి నా ఫారం ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను. "నేను అబద్ధం రాశానవ్వా," అన్నాను. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పక్క ఊరి అల్లుడి ఇంటివాళ్ళు కూడా.

ఒట్టీలియ ఒకే దరఖాస్తు రాసింది. మేం నాలుగు వందల మందిమి, మూడు వందల పన్నెండు మందికీ వారసులం, అని. వేలిముద్రలకు సిరా అయిపోతే గెర్సోన్ ఇంజను నల్ల నూనె తెచ్చాడు.

విచారణ ఆఫీసరు మా రంగువాడే, మా భాషవాడే. మెడకు టై. స్వతంత్రం వచ్చాక ఆ కుర్చీ మారలేదు, కూర్చునేవాడు మారాడు. కాగితాలు తిరగేసి, నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ చట్టం ఒకటుంది కదా. రిజిస్టరులో సంఖ్యలున్నాయి, పేర్లు లేవు. మీ దగ్గర పేర్లున్నాయి, సంఖ్యలు లేవు. రెండూ కలవాలి."

"అబ్బాయ్," అంది అవ్వ, "మెడకు బిళ్ళ కట్టినోడు పేరు అడగలేదు. వాడు అడగని దాన్ని మమ్మల్ని తెమ్మంటున్నావా?"

"అవ్వా, నేను చట్టం..."

"మరి వాళ్ళను తీసుకున్నానని రాసిన సంతకం? దానికి పేరుందిగా!" గెర్సోన్ అరిచాడు. "దొర తాతకు పేరుంది, మా తాతకు లేదు. ఆ తేడా ఎట్లా వచ్చిందో నీ చట్టంలో ఉందా సారూ?"

ఆఫీసరు ఫైలు మూశాడు. సమాధి స్థలమని తేలే దాకా అది సొంత భూమి అన్నాడు. మట్టి తవ్వి చూపిస్తామంటే, సొంత భూమిలో తవ్వడానికి సొంతదారు ఒప్పుకోవాలన్నాడు. ఆల్‌ఫెల్డ్ దొర ఒప్పుకోలేదు.

ఆగస్టులో బుల్డోజరు వచ్చింది.

కబురు తెలిసిన గంటకు కాలనీ కాలనీ కదిలింది. కంచె దగ్గర అందరూ ఆగారు. ఆ గుంజల లోతు నాకు తెలుసు. ఎక్కడ కోస్తే వరస మొత్తం వదులవుతుందో తెలుసు. కోశాను. రెండు వందల మందిమి వెళ్ళి దిబ్బల మీద కూర్చున్నాం. ఎవరి దిబ్బ ఎవరిదని చూసుకోలేదు. అవ్వను నలుగురు కుర్చీతో సహా మోసుకొచ్చారు. బుల్డోజరు డ్రైవరు మా పక్క కాలనీవాడే. ఇంజను ఆపి, దిగి, వాగులోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జనం ఒక్క పెట్టున కేకలేశారు. ఆ నిమిషం గెలిచామనే అనుకున్నాం.

పోలీసులు నాలుగు బండ్లలో వచ్చారు. లాఠీలు, నీళ్ళ గొట్టం. ఆగస్టు చలిలో ఆ నీళ్ళు మేకుల్లా దిగాయి. గెర్సోన్ చెయ్యి విరిగింది. అవ్వ కుర్చీ తిరగబడింది. ముప్పై ఒక్క మందిని బండ్లలో కుక్కారు. మా వెనక ఇంకో డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేయడం వినపడింది.

తడిసిన గౌనుతోనే అవ్వను సెల్లులో ఉంచారు. దుప్పటి అడిగాం. ఇనప తలుపు బాది అడిగాం. ఆడవాళ్ళు తమ తలగుడ్డలు విప్పి ఆమెకు చుట్టారు. అవీ తడివే. రెండో రోజుకు ఆమెకు మాట పడిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం, ఒట్టీలియ ఒళ్ళో, పోయింది.

పోలీసు డాక్టరు వచ్చి కాగితం నింపాడు. ఒట్టీలియ అది తీసుకుని చదివింది. కారణం దగ్గర రాసి ఉంది: గుండె బలహీనత.

ఆమె ఆ కాగితం ఊచల్లోంచి నాకిచ్చింది. "పైన చూడన్నా," అంది. "ఈసారి పేరు రాశారు."

మూడు వారాల తర్వాత ఒట్టీలియను తప్ప అందరినీ వదిలారు. గోడ మీద పేర్లు రాసినందుకు ఆమెను ఉంచేశారు. అవ్వతో మొదలుపెట్టి, రైలు కట్ట మీద పోయారని పెద్దవాళ్ళు చెప్పగా తనకు గుర్తున్న ప్రతి పేరూ సెల్లు గోడంతా రాసిందట. ప్రభుత్వ ఆస్తికి నష్టమని కేసు పెట్టారు. ఉద్యోగం ఊడింది.

మేం దొర ఫారం దారినే నడిచి వచ్చాం. దిబ్బలు లేవు. చదునుగా, ఎర్రగా, దూరం దాకా బాట. ఒక విమానం దిగి ఉంది. తెల్లటి విమానం. ఎవరో ఇద్దరు తుపాకీ సంచులు దింపుకుంటున్నారు. గెర్సోన్ కట్టు కట్టిన చేత్తో నిలబడి చూశాడు.

మా గుడిసె ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నడివయసు, కాళ్ళనిండా దుమ్ము. దక్షిణాది నామా జాతి మనిషని చూడగానే తెలుస్తుంది. పేరు లేనా అంది. ఎదురొచ్చిన లారీలెక్కి రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిందట.

"కాగితాలు వెతికిన అస్సేరు నువ్వేనా తమ్ముడూ? మా దగ్గరా ఇట్లాంటి దిబ్బలున్నాయి. వాటి మీద గొర్రెల దొడ్డి కట్టారు. మాకూ కాగితం చూపించమంటున్నారు. రాజధానిలో ఆ భవనంలో ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?"

"అక్కా, నీకెవరూ చెప్పలేదా?" అన్నాను. "మాకు కాగితం దొరికింది. దొరికినా ఓడిపోయాం. మా అవ్వ పోయింది. చదివిన పిల్ల జైల్లో ఉంది. మా వాళ్ళ మీద విమానాలు దిగుతున్నాయి."

"చెప్పారు. తెలిసే వచ్చాను." ఆమె పక్కకు జరిగి, నాకు కూర్చోవడానికి చోటిచ్చింది. "గెలిచినోళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళ దగ్గరికే పోయేదాన్ని. లేరు. నువ్వే చెప్పాలి."

నేను కూర్చున్నాను. గెర్సోన్ కూడా వచ్చి మా ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"మొదట," అన్నాడు అతను, "ఇంటికో ఫారం ఇస్తారు. అది తీసుకోవద్దు."